ఒంట్లో వేసిన లోహం పడలేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

"రాడ్డు పడలేదంట." "స్టీలు వద్దు, టైటానియం వేయించుకోమన్నారు." కర్నూలు, అనంతపురం, కడప ఆసుపత్రుల్లో ఎముకల వార్డు బయట కాసేపు కూర్చుంటే ఈ మాటలు వినపడతాయి. అవే అనుమానాలు చర్మం ఓపీకీ వస్తాయి, గుండె ఓపీకీ వస్తాయి. అడిగిందే అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లోహం నిజంగానే పడనివాళ్లు ఉన్నారు, వాళ్ల బాధ ఉత్త అనుమానం కాదు. కానీ లోహం మీద వేసే నిందల్లో ఎక్కువ భాగం చీముదో, వదులైన స్క్రూదో, పైన అంటించిన ప్లాస్టర్‌దో అయి ఉంటుంది.

## ఆపరేషన్‌కు ముందు

రోల్డ్ గోల్డ్ కమ్మలు పెడితే నాకు చెవులు కారతాయి. మోకాళ్ల ఆపరేషన్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. గిల్టు నగల పూత కింద చాలాసార్లు నికెల్ అనే లోహం ఉంటుంది. చెమటకు అది కరిగి చర్మంలోకి దిగుతుంది. చెవులు కారడం, జీన్స్ బొత్తాం తగిలేచోట బొడ్డు కింద చర్మం నల్లగా మందంగా మారడం, వాచీ గొలుసు కింద దురద, పిన్నీసు పెట్టిన చోట దద్దు, ఇవన్నీ నికెల్ అలర్జీ గుర్తులే. చెవులు, ముక్కు కుట్టించుకుంటారు కాబట్టి ఆడవాళ్లలో ఎక్కువ.

అయితే చర్మానికి పడనిది ఒంటి లోపల కూడా పడదని లెక్క కట్టలేం. అలర్జీని రేపే కణాలు చర్మంలో దండిగా ఉంటాయి, ఎముక దగ్గర పరిస్థితి వేరు. డెన్మార్క్‌లో ప్యాచ్ టెస్టు (చర్మానికి మందు బిళ్లలు అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేయించుకున్నవాళ్ల వివరాలను తుంటి మార్పిడి రిజిస్టర్‌తో పోల్చి చూస్తే, లోహం అలర్జీ ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఎక్కువగా విఫలమైనట్టు తేలలేదు. కమ్మలు పడని ఆడవాళ్లు ఎంతోమంది మార్చిన మోకాళ్లతో హాయిగా నడుస్తున్నారు. కమ్మల సంగతి సర్జన్‌కు చెప్పండి, ఆపరేషన్ మాత్రం మానుకోవద్దు.

అసలు ఒంట్లో వేసేవాటిలో ఏ లోహం ఉంటుంది?

విరిగిన ఎముకకు వేసే మామూలు ప్లేట్లు, స్క్రూలు, తీగలు చాలావరకు 316ఎల్ రకం స్టీలు. ఇందులో నికెల్ సుమారు 13 నుంచి 15 శాతం, క్రోమియం 17 నుంచి 19 శాతం ఉంటాయి. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే భాగం ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం. అందులో కోబాల్ట్ అరవై శాతం పైమాటే, క్రోమియం దాదాపు 28, నికెల్ ఒక శాతం లోపే. కింది ఎముక మీద కూర్చోబెట్టే పళ్లెం తరచుగా టైటానియం. ఆ టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుపుతారు, నికెల్ ఉంటే గింటే జాడమాత్రమే. నికెల్ అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది నిటినాల్‌లో. గుండె రంధ్రం మూసే బిళ్లలకు, తనంతట తానే విచ్చుకునే స్టెంట్లకు వాడే ఈ లోహంలో బరువులో సగానికి పైగా నికెలే.

అంకెలు చూసి కంగారు పడొద్దు. ఎంత నికెల్ ఉందన్నదానికన్నా ఎంత బయటికి వస్తుందన్నదే ముఖ్యం. మంచి ఇంప్లాంటు పైన సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని పట్టి ఉంచుతుంది.

మా నాయన ఎర్రగుంట్లలో సిమెంటు పని చేసినాడు. చేతులు పగిలి రసి కారేది. అది కూడా చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, మన జిల్లాల్లో మరీ ముఖ్యం. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బనగానపల్లె వైపు సిమెంటుతో బతికినవాళ్లు చాలామంది. తడి సిమెంటులో ఉండే ఒక రకం క్రోమియం చేతులకు మొండి తామర (ఎగ్జిమా, అంటుకునే గజ్జి తామర కాదు) తెస్తుంది. పని మానేశాక కూడా అది ఏళ్ల తరబడి వదలకపోవచ్చు. క్రోమియంతో పదును పెట్టిన తోలు చెప్పులు వేసుకుంటే పాదాల మీద పట్టీల ఆకారంలోనే దద్దు రావడం ఇదే అలర్జీకి ఇంకో గుర్తు. చెవికి కమ్మ పెట్టని మగవాళ్లను లోహం పడదా అని ఎవరూ అడగరు. వాళ్ల చరిత్ర చేతుల్లో, పాదాల్లో ఉంటుంది.

అన్నట్టు, కీలు మార్పిడిలో "సిమెంటు వేస్తాం" అని సర్జన్ అంటే హడలిపోవద్దు. అది యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థం, గోడ కట్టే సిమెంటుకు దానికి ఏ చుట్టరికమూ లేదు.

బొట్టుబిళ్ల పెట్టినా దురదే. ఇదీ లోహమేనా?

సాధారణంగా కాదు. బొట్టుబిళ్ల వెనక ఉండే జిగురులోని రసాయనం వల్ల దురద వస్తుంది, అక్కడ చర్మం తెల్లబడటం కూడా జరుగుతుంది. కుంకుమ పడకపోతే అందులోని రంగులను అనుమానించాలి. 22 క్యారెట్ల బంగారంలో కలిపేది సాధారణంగా రాగి, వెండి, కాబట్టి మేలిమి తాళి పడనివాళ్లు అరుదు. అయితే జిగురు పడదన్న సంగతి మాత్రం ఆపరేషన్ ముందు చెప్పండి. కట్టు వేసేటప్పుడు అది పనికొస్తుంది.

ఆపరేషన్‌కు ముందు అందరూ అలర్జీ టెస్టు చేయించుకోవాలా?

అక్కర్లేదు. ఏ లోహంతోనూ ఇబ్బంది పడనివాళ్లకు ముందస్తు టెస్టు చేస్తే ఉపయోగం కన్నా గందరగోళం ఎక్కువ. ఎప్పుడూ దురద రానివాళ్లకు కూడా టెస్టులో ఏదో ఒకటి పాజిటివ్ రావచ్చు, దాంతో అవసరమైన ఆపరేషన్ నెలలపాటు వెనక్కి పోతుంది. లోహం తగిలితే చర్మం గట్టిగా రియాక్ట్ అయినవాళ్లు, ఇంతకుముందు వేసిన ప్లేటో పన్ను క్యాపో అనుమానాస్పదంగా తీయించుకోవాల్సి వచ్చినవాళ్లు చేయించుకుంటే అర్థం ఉంది. విరిగిన ఎముకకు అత్యవసరంగా ప్లేటు వేయాల్సి వస్తే టెస్టు కోసం ఆగే ప్రశ్నే లేదు.

డాక్టరు రెండు నిమిషాలు కూడా ఇవ్వరు. ఏమని చెప్పాల?

"నాకు లోహం అలర్జీ" అంటే ఆయన తలూపి వదిలేయొచ్చు. "గిల్టు కమ్మలు పెడితే రెండు రోజుల్లో చెవులు కారతాయి, పదేళ్లుగా ఇంతే" అంటే రాసుకుంటారు. ఏ వస్తువు, ఒంటి మీద ఎక్కడ, ఎన్ని రోజులకు, ఏమైంది: ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి కేస్ షీట్‌లో పెట్టమని నర్సుకు ఇవ్వండి. దద్దు వచ్చినప్పటి ఫోటో ఫోన్‌లో ఉంటే ఇంకా మంచిది. ఆపరేషన్ రోజు బల్లెక్కాక చెప్పి లాభం లేదు, వేరే రకం ఇంప్లాంటు తెప్పించడానికి టైం పడుతుంది.

## పరీక్ష

ప్యాచ్ టెస్టు ఎలా చేస్తారు? సూదులు గుచ్చుతారా?

సూది ఉండదు. నికెల్, కోబాల్ట్, క్రోమియం లాంటివి కొద్దికొద్దిగా కలిపిన మందులను చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో పెట్టి, టేపుతో వీపు మీద అంటిస్తారు. 48 గంటలు అలాగే ఉంచాలి. తీసేసిన రోజు ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. లోహాల విషయంలో వారం దాకా ఆగి మూడోసారి చూడటం మంచిది, కొన్ని ఆలస్యంగా బయటపడతాయి. ఆదోని నుంచో కదిరి నుంచో వచ్చేవాళ్లు వారంలో మూడు నాలుగు సార్లు రావాల్సి ఉంటుందని ముందే లెక్క వేసుకోండి. అంటించుకుని ఊరికి వెళ్లిపోయి మళ్లీ రాకపోతే చేసిందంతా వృథా.

ఆ రెండు రోజులు వీపు తడపకూడదు, మూటలు మోయకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. వీపుకు స్టీరాయిడ్ క్రీము రాస్తుంటే వారం ముందే ఆపాలి. స్టీరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఫలితాన్ని మింగేస్తాయి. కాబట్టి మోకాలి నొప్పికి ఊళ్లో ఈ మధ్య వేయించుకున్న సూదుల సంగతి దాచొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో చేయించుకోవచ్చా?

తొందర లేకపోతే వద్దు. కర్నూలు ఎండకు చెమట పట్టి టేపులు ఊడిపోతాయి, చెమటకాయలు లేచి ఏది రియాక్షనో ఏది కాదో తెలియకుండా పోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీలైన కాలం.

ఇదంతా ఎందుకు, రక్తపరీక్షతో తేలిపోదా?

ల్యాబుల్లో వేలకు వేలు తీసుకుని చేసే అలర్జీ ప్యానెల్ దీనికి పనికిరాదు. అది దుమ్ము, పుప్పొడి, రొయ్యల లాంటి వాటికి వెంటనే వచ్చే అలర్జీని చూస్తుంది. లోహం అలర్జీ వేరు జాతి. రక్తంలోని టి కణాలు నెమ్మదిగా, రెండు మూడు రోజులు తీసుకుని తెచ్చే గొడవ ఇది. ఆ కణాలను లోహంతో కలిపి చూసే ప్రత్యేక పరీక్ష ఒకటి ఉంది కానీ అరుదుగా దొరుకుతుంది, ఫలితాన్ని చదవడమూ కష్టమే.

టెస్టులో నికెల్ పాజిటివ్ వచ్చింది. ఇక ఆపరేషన్ వద్దా?

పాజిటివ్ అంటే మీ చర్మానికి నికెల్ పడదని మాత్రమే. మోకాలి ఆపరేషన్ అయితే ఆక్సిడైజ్డ్ జిర్కోనియం అనే వేరే లోహపు రకం, లేదా పైన పూత వేసిన రకం అడగొచ్చు. ఎముకకు ప్లేటు అయితే టైటానియం దొరుకుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. "పూర్తి టైటానియం మోకాలు" అని అమ్మే మాటను యథాతథంగా నమ్మొద్దు. రాపిడి తగిలేచోట ఉత్త టైటానియం త్వరగా అరుగుతుంది, అందుకే అక్కడ పూత వేస్తారు. ఏ భాగం ఏ లోహమో కాగితం మీద రాసివ్వమనండి. ప్రత్యేక రకం దొరక్కపోయినా, మామూలు రకంతో అనుభవమున్న సర్జన్ చేతిలో ఆపరేషన్ బాగా జరగడమే మేలు.

## ఆపరేషన్ అయ్యాక

కుట్ల చుట్టూ చతురస్రంగా ఎర్రబడి దురద పెడుతోంది. రాడ్డు పడలేదా?

ఆకారం చూడండి. ప్లాస్టర్ ఎంత మేర అంటించారో అంత మేరే ఎర్రగా ఉంటే అది టేపు జిగురు పని. చుక్కలు చుక్కలుగా పిన్నుల చుట్టూనే ఉంటే చర్మానికి వేసిన స్టీలు క్లిప్పులను అనుమానించొచ్చు, అవి తీసేశాక తగ్గుతుంది. పుండుకు రాసే ఆయింట్‌మెంట్లలో నియోమైసిన్ అనే మందు చాలామందికి పడదు, రాసేకొద్దీ దురద పెరుగుతుంది. అయోడిన్ ద్రావణం, గాయం అతికించే జిగురు కూడా ఇలాంటివే. లోపలి రాడ్డు వల్ల వచ్చే దద్దు సాధారణంగా ఇంత తొందరగా రాదు, వారాలో నెలలో పడుతుంది. రాసేవన్నీ ఆపి, కట్టు రకం మార్చమని అడగండి. చాలావరకు అక్కడితో తగ్గిపోతుంది.

చిప్ప మార్చిన మోకాలికి బయటివైపు తిమ్మిరిగా ఉంది, అక్కడే పొలుసులు లేస్తున్నాయి. ఇది అలర్జీ కాదా?

చాలాసార్లు కాదు. మోకాలి ముందు భాగాన నిలువు కోత పెట్టినప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే చిన్న నరం తెగుతుంది. అందుకే మచ్చకు బయటివైపు మొద్దుబారుతుంది. నరం తెగిన చర్మం ఎండిపోయి, కొన్ని నెలల తర్వాత అక్కడే తామర లాంటిది రావచ్చు. తేమనిచ్చే క్రీము, చర్మం డాక్టరు ఇచ్చిన స్టీరాయిడ్ క్రీము కొన్నాళ్లు వాడితే తగ్గుతుంది. ఈ సంగతి తెలియక లోహం పడలేదని నిర్ధారించేసుకుని మోకాలు మళ్లీ మార్పించుకోవడానికి సిద్ధపడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

చీము పట్టిందో, లోహం పడలేదో ఎట్లా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. ఈ పేజీలో ఏది మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి: ఇంప్లాంటు ఉన్నచోట ఏ తేడా వచ్చినా ముందు చీము లేదని తేల్చుకోవాలి, అలర్జీ ఆలోచన ఆ తర్వాతే. జ్వరం, చలి, గాయం నుంచి రసి లేదా చీము, పక్కన చిన్న రంధ్రం పడి అప్పుడప్పుడు కారడం, ముట్టుకుంటే వేడి, ఉన్నట్టుండి పెరిగిన నొప్పి, నిన్నటిదాకా మోపిన కాలు ఇవాళ మోపలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా తొందరపడాలి.

లోహం అలర్జీలో దురద ముందుంటుంది, జ్వరం ఉండదు. కానీ తక్కువ స్థాయి చీము కూడా నెలల తరబడి జ్వరం లేకుండా దాక్కుంటుంది, తిరకాసంతా అక్కడే. అందుకే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, ఎక్స్‌రే చేస్తారు. కీలు మార్పిడి అయితే సూదితో కీలులోని నీరు తీసి, అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు. ఆ నీరు తీయకముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే క్రిమి దొరక్కుండా పోతుంది. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకునే అలవాటు ఇక్కడే ముంచుతుంది. అలర్జీ అనుకుని స్టీరాయిడ్ మాత్రలు మింగితే మరీ ప్రమాదం. దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల చీము ఎముకను తినేస్తుంటుంది.

ఆర్నెల్లు దాటినా మోకాలు వాపు, నొప్పి తగ్గలేదు. మా ఊరి ఆర్‌ఎంపీ మెటల్ పడలేదంటున్నాడు.

ఆయన మాట నిజమయ్యే అవకాశం తక్కువ. మోకాలి మార్పిడి తర్వాత ఐదారుగురిలో ఒకరికి ఏదో ఒక అసంతృప్తి మిగులుతుందని ఎన్నో దేశాల అనుభవం. కారణాలు చాలా ఉంటాయి: భాగం వదులవడం, కాస్త వంకరగా కూర్చోవడం, చిప్ప జారడం, వ్యాయామం మానేసి కీలు బిగుసుకుపోవడం, నడుము నుంచి దిగే నరం నొప్పి, తుంటి అరుగుదల. అన్నీ వెతికాక, ఏదీ దొరక్కపోతే, అప్పుడు లోహం అలర్జీ. అప్పుడు కూడా లోహాలతో పాటు ఎముక సిమెంటులోని బెంజాయిల్ పెరాక్సైడ్ అనే రసాయనం, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివాటికి ప్యాచ్ టెస్టు చేయించడం మంచిది.

ఒళ్లంతా దద్దుర్లు లేచినాయి. లోపలి ప్లేటు వల్లేనా?

ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో వస్తే మందులను అనుమానించండి: యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, నోట్లో పొక్కి చర్మం ఊడుతున్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. లోహం వల్ల ఒళ్లంతా తామర రావడం అరుదు కానీ ఉంది. అది నెలల్లో నెమ్మదిగా మొదలై, క్రీములకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఒంట్లో ఇంప్లాంటు ఉందని చర్మం డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయనకు బయటికి కనపడదు.

ఆకు పసరు, పసుపు రాయొచ్చా?

వద్దు. ఆరని గాయం మీద ఏ పసరు పోసినా చీముకు దారి ఇచ్చినట్టే. కొన్ని ఆకులు సొంతంగానే అలర్జీ తెస్తాయి, ఇక ఏది దేనివల్లో తేల్చడం డాక్టరు తరం కూడా కాదు.

శనక్కాయల్లో నికెల్ ఉంటుందంట. మానేయాలా?

అనంతపురంలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. నిజమే, శనక్కాయలు, పప్పుధాన్యాలు, కోకో, జీడిపప్పులో నికెల్ ఎక్కువే. నికెల్ అలర్జీ బాగా ముదిరిన కొద్దిమందికి తిండిలోని నికెల్‌తో అరచేతుల్లో నీటిపొక్కులు, పాత మచ్చల దగ్గర దురద రేగుతాయి. వాళ్లకు డాక్టరు కొన్నాళ్లు తగ్గించి చూడమంటారు. ఒంట్లో ప్లేటు ఉన్నంతమాత్రాన శనక్కాయల పొడి, పప్పు మానేయనక్కర్లేదు. ఎముక అతుక్కునే కాలంలో మాంసకృత్తులు తగ్గించుకోవడం పెద్ద నష్టం. కొత్త స్టీలు గిన్నెలో మొదటి కొన్ని సార్లు చింతపండు పులుసు కాచకుండా ఉంటే చాలు, పులుపుకు కొత్త గిన్నెలోంచి కాస్త ఎక్కువ నికెల్ దిగుతుంది.

## తీసేయాలా, ఉంచాలా

ఎముక అతుక్కుంది. ప్లేటు తీయిస్తే దురద పోతుందా?

నిజంగా లోహం అలర్జీయే అయితే చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో పోతుంది. తీశాక పూర్తిగా తగ్గడమే అది అలర్జీ అనడానికి గట్టి సాక్ష్యం కూడా. ఎముక బాగా అతుక్కున్నాకే తీయాలి. దానికి తరచుగా ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంతదాకా క్రీములతో నెట్టుకురావచ్చు. అతుక్కోకముందే తీయాల్సి వస్తే టైటానియంతో మార్చే దారి ఉంది. ప్లేటు తీశాక స్క్రూ రంధ్రాలున్న ఎముక కొన్నాళ్లు బలహీనంగా ఉంటుంది. వెంటనే ట్రాక్టరెక్కి పొలం పనికి దిగొద్దు.

మోకాలే పడలేదని తేలితే మళ్లీ మార్చాల్సిందేనా?

ప్లేటు తీసినంత తేలిక కాదిది. రెండోసారి ఆపరేషన్‌లో ఎముక ఇంకా పోతుంది, చీము ప్రమాదం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. టెస్టు పాజిటివ్ అన్న ఒక్క ముక్క మీద మార్పిడికి ఒప్పుకోవద్దు. కీలు మార్పిడి అయినవాళ్లలో ఏ ఇబ్బందీ లేకపోయినా టెస్టు పాజిటివ్ వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. చీము లేదని, వదులు కాలేదని, కొలతలు సరిగ్గా ఉన్నాయని తేలాక కూడా బాధ భరించలేనిదైతే అప్పుడు మాట్లాడాలి. అదీ ఇద్దరు వేర్వేరు సర్జన్లతో.

2010కి ముందు తుంటి మార్చినారు. లోహం మీద లోహం రాసుకునే రకమంట. భయపడాలా?

భయం కాదు, పరీక్ష కావాలి. అలాంటి తుంటి కీళ్లలో బంతి, గిన్నె రెండూ కోబాల్ట్ క్రోమియం. రాపిడికి సన్నటి పొడి రాలి చుట్టుపక్కల కండను దెబ్బతీయవచ్చు, రక్తంలో కోబాల్ట్, క్రోమియం పెరగవచ్చు. ఇది అలర్జీ కన్నా విషప్రభావానికి దగ్గర. ఏఎస్ఆర్ అనే రకాన్ని తయారీదారు 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు, మన దేశంలో 2018లో పరిహారం లెక్క కూడా కట్టారు. నొప్పి లేకపోయినా ఎముకల డాక్టరుకు చూపించి, రక్తంలో లోహాల స్థాయి, అవసరమైతే స్కాన్ చేయించండి.

## గుండె, పళ్లు, కాపర్ టీ

స్టెంటు వేసిన పది రోజులకు దద్దుర్లు వచ్చాయి. స్టెంటు పడలేదేమో, మాత్రలు ఆపేయాలా?

మాత్రలు మాత్రం ఆపొద్దు. స్టెంటు వేశాక ఇచ్చే రక్తం పలుచన చేసే మందులు సొంతంగా ఆపితే స్టెంటులో గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది. దద్దుర్లకు ఆ మందుల్లో ఒకటైన క్లోపిడోగ్రెలే తరచుగా కారణం. గుండె డాక్టరు దాన్ని వేరే మందుతో మార్చగలరు, లేదా దద్దుర్లకు మందిచ్చి అదే కొనసాగించగలరు. ఫోన్ చేసి అడిగేదాకా ఒక్క పూట కూడా మానొద్దు.

పాప గుండెలో రంధ్రానికి బిళ్ల వేస్తామన్నారు. అందులో నికెల్ ఉందంట.

ఉంది, బిళ్ల నిటినాల్ తీగలతో అల్లింది. వేశాక రక్తంలో నికెల్ కొద్దిగా పెరిగి, సుమారు నెలకు ఎక్కువై, బిళ్ల మీద కణజాలం కప్పుకున్నకొద్దీ నెలల్లో మామూలు స్థాయికి దిగుతుంది. చాలామంది పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. పాపకు కమ్మలు పెట్టినప్పుడు చెవులు బాగా కారి ఉంటే ముందే చెప్పండి. నికెల్ అలర్జీ తీవ్రంగా ఉంటే ఆపరేషన్ చేసి కుట్టే మార్గం ఉంది.

పేస్‌మేకర్ పెట్టినచోట ఎర్రబడింది.

డబ్బా టైటానియంది, దానికి అలర్జీ చాలా అరుదు. ఎర్రబడితే, చర్మం పలచబడితే, డబ్బా అంచు కనపడేలా ఉంటే చీముగానే భావించి ఆ రోజే చూపించాలి.

కాపర్ టీ వేసుకున్నాక బ్లీడింగ్ ఎక్కువైంది. రాగి పడలేదా?

మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్, కడుపునొప్పి కాపర్ టీ మామూలు ప్రభావమే, అలర్జీ కాదు. రాగికి నిజమైన అలర్జీ అరుదు. వేసుకున్న కొన్ని రోజులకో వారాలకో ఒంటి మీద తామర మొదలై ఏ మందుకూ లొంగకపోతే తీయించి చూడొచ్చు, తీయడం నిమిషాల పని.

పన్నుకు క్యాపు వేసినాక పక్కన చిగురు మంటగా ఉంది.

తక్కువ ధర మెటల్ క్యాపులు, పైన పింగాణీ కింద లోహం ఉండే క్యాపులు తరచుగా నికెల్ క్రోమియంవి. నికెల్ పడనివాళ్లు జిర్కోనియా క్యాపు అడగొచ్చు. క్యాపు సరిగ్గా కూర్చోక చిగురు వాయడం ఇంతకన్నా మామూలు. ఒక హెచ్చరిక: గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకు నోట్లో తెల్ల మచ్చ వస్తే అలర్జీ అనుకుని కూర్చోవద్దు, ముక్క తీసి పరీక్ష చేయించాలి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

## ఖర్చు, కాగితాలు, ఫిర్యాదు

వేరే లోహం కావాలంటే ఎంత ఎక్కువ అడుగుతారు?

మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులో కేంద్రం తొలిసారి గరిష్ఠ ధరలు కట్టినప్పుడు, జీఎస్టీ కాకుండా కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాలకు 76,600 రూపాయలు. తర్వాత సవరణలు జరుగుతుంటాయి కాబట్టి ఇప్పటి ధర అడిగి తెలుసుకోండి. తేడా ఇరవై వేల చుట్టూ ఉండాల్సినచోట లక్ష అడిగితే ఇంప్లాంటు బిల్లు విడిగా చూపించమనండి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరుతో ఎన్టీఆర్ వైద్య సేవ, కింద చేరేవాళ్లు ప్యాకేజీలో ఏ రకం ఇంప్లాంటు వస్తుందో చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఉద్యోగిని అడగాలి.

ఏ లోహం వేశారో ఇప్పుడు ఎట్లా తెలుసుకోవాలి? డిశ్చార్జ్ కాగితంలో "ప్లేటింగ్" అని మాత్రమే ఉంది.

ఇంప్లాంటు పెట్టె మీద కంపెనీ పేరు, రకం, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తారు. రెండోది మీ డిశ్చార్జ్ కాగితం మీద అంటించమని అడగండి, ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. పాత ఆపరేషన్ అయితే ఐపీ నంబరుతో రికార్డు సెక్షన్‌లో అడగాలి, ఎంత తొందరగా అడిగితే అంత మేలు. ఎక్స్‌రేలో ఆకారం తెలుస్తుంది కానీ స్టీలో టైటానియమో తేల్చలేరు.

ఎక్కడ చూపించుకోవాలి?

మొదట ఆపరేషన్ చేసిన డాక్టరుకే. ఆయన చీము లేదని తేల్చాక చర్మ విభాగానికి వెళ్లాలి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మం ఓపీ, ఎముకల ఓపీ రెండూ ఒకే ఆవరణలో దొరుకుతాయి. లోహాల ప్యాచ్ టెస్టు మందులు అన్నిచోట్లా ఎప్పుడూ ఉండవు, ముందే కనుక్కుని బయల్దేరండి. పెద్ద మార్పిడి ఆలోచన వచ్చినప్పుడు కడపవాళ్లు తిరుపతి, వేలూరు, అనంతపురంవాళ్లు బెంగళూరు, కర్నూలువాళ్లు హైదరాబాద్ వెళ్లడం మామూలే. వెళ్లేటప్పుడు అన్ని ఎక్స్‌రేలు, స్టిక్కరు, టెస్టు కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి.

ఇంప్లాంటు వల్లే ఇబ్బంది అని తేలింది. ఎవరికి చెప్పాలి?

వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందులను నమోదు చేయడానికి 2015 జులైలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే కాదు, రోగి కూడా చెప్పొచ్చు. ఇది పరిహారం ఇప్పించే చోటు కాదు, అదే రకం పరికరం ఇంకెంతమందిని ఇబ్బంది పెడుతోందో పట్టుకునే చోటు. పరికరం పేరు, లాట్ నంబరు, ఆపరేషన్ తేదీ, ఇబ్బంది మొదలైన తేదీ అడుగుతారు. తీసేసిన ప్లేటు, స్క్రూలను పారేయకుండా శుభ్రం చేసి ఇవ్వమని ఆపరేషన్‌కు ముందే రాసివ్వండి, తర్వాత అడిగితే దొరకవు.